నా వీడియో నేనే చూసుకుంటే నాకు ఇంగ్లీషు ఎలా వస్తుంది?

ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. రోజూ ఒక్క నిమిషం ఇంగ్లీషులో ఏదో ఒకటి మాట్లాడి, ఫోన్‌లో వీడియో తీసుకుని, తర్వాత తీరిగ్గా చూసుకోమని వాళ్ల ఇంగ్లీషు మేడమ్ చెప్పారట. ఈ అమ్మాయి వారం రోజులు వీడియోలు తీసింది. ఒక్కటీ చూడలేదు. "చూస్తే ఏం వస్తుంది సార్? మాట్లాడిందీ నేనే, చూసేదీ నేనే. రాని ఇంగ్లీషును నాకు నేను ఎలా నేర్పుకుంటాను? తప్పని చెప్పేవాళ్లు పక్కన లేకపోతే అది తప్పని నాకెలా తెలుస్తుంది?" అంది.

మంచి ప్రశ్న. ఈ అభ్యాసం చేయమని చెప్పే టీచర్లలో చాలామంది ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండానే పని అప్పజెబుతారు. ఎందుకు చేస్తున్నామో తెలియని పని వారం దాటితే ఎవరికైనా బరువే. అందుకని తెలిసిన విషయం దగ్గర మొదలుపెట్టి, మెల్లగా అసలు సంగతికి వద్దాం.

పరీక్షలో చివర పది నిమిషాలు మిగిలితే ఏం చేస్తాం? రాసిన పేపరు మళ్లీ చదువుకుంటాం. అప్పుడు "అయ్యో, ఇక్కడ ఒత్తు వదిలేశానే", "ఏడు ఎనిమిదులు యాభై ఆరు కదా, యాభై నాలుగు వేశానేమిటి" అని ఒక్కొక్కటీ దొరుకుతాయి. ఆ పది నిమిషాల్లో మనకు కొత్తగా ఎవరూ ఏమీ నేర్పలేదు. రాసేటప్పుడు ఎంత తెలుసో చదివేటప్పుడూ అంతే తెలుసు. మరి అప్పుడు కనబడని తప్పు ఇప్పుడెలా కనబడింది? రాస్తున్నప్పుడు మనసు రాయబోయే వాక్యం మీద ఉంటుంది. చదువుతున్నప్పుడు రాసేసిన వాక్యం మీద ఉంటుంది. రాసేవాడి పని అయిపోయాక చదివేవాడు వచ్చాడు. ఇద్దరూ మనమే, కాకపోతే ఒకరి తర్వాత ఒకరు వచ్చారు.

రాత కాగితం మీద నిలబడుతుంది కాబట్టి దానికి ఈ వెసులుబాటు ఉంది. మాటకు లేదు. నోరు దాటిన మరుక్షణం గాలిలో కలిసిపోతుంది. నిన్న సాయంత్రం మీరు ఎవరితోనో మాట్లాడిన ఒక్క వాక్యం ఉన్నదున్నట్టు గుర్తు తెచ్చుకోండి చూద్దాం. ఏం చెప్పారో గుర్తుంటుంది గానీ ఏ మాటల్లో చెప్పారో గుర్తుండదు. తెలుగులోనే ఇంత అయితే, తడుముకుంటూ మాట్లాడిన ఇంగ్లీషు సంగతి చెప్పనే అక్కర్లేదు. వీడియో చేసే పని మాటను కాగితంలా నిలబెట్టడం, అంతే. ఇది చిన్న పనిగా కనిపిస్తుంది. కానీ మిగిలినదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. మాట్లాడుతూ మన మాట మనం వింటూనే ఉంటాం కదా, అప్పుడే పట్టుకోలేమా అని. కొంత పట్టుకుంటాం. కానీ మాట్లాడేటప్పుడు తలలో ఎంత పని జరుగుతుందో ఒకసారి చూడండి. నెదర్లాండ్స్‌కు చెందిన విల్లెమ్ లెవెల్ట్ అనే భాషా మనస్తత్వ శాస్త్రవేత్త 1989లో వెలువడిన తన గ్రంథంలో ఈ పనిని విడివిడి దశలుగా చూపించాడు. ముందు ఏం చెప్పాలో ఆలోచన పుట్టాలి. తర్వాత దానికి మాటలు వెతికి, వ్యాకరణంలో కూర్చాలి. ఆ తర్వాత నాలుక, పెదవులు, గొంతు కలిసి ఆ మాటలను పలకాలి. వీటితో పాటు, పలికింది సరిగా వచ్చిందో లేదో ఒక చెవి కాపలా కాయాలి. సొంత భాషలో మొదటి పని తప్ప మిగతావి చాలావరకు వాటంతటవే నడిచిపోతాయి. అందుకే కూర తరుగుతూ కూడా కబుర్లు చెప్పగలం. కొత్త భాషలో ఏదీ దానంతటది నడవదు, ప్రతి పనికీ మనసు పెట్టాల్సిందే.

గేర్ల బండి నేర్చుకున్న మొదటి రోజు గుర్తు తెచ్చుకోండి. చెయ్యి క్లచ్ మీద, కాలు గేరు మీద, కళ్లు రోడ్డు మీద. ఆ సమయంలో వెనక కూర్చున్న అన్నయ్య "వీపు నిటారుగా పెట్టు" అంటే వినబడుతుందా? వినబడదు, మనసులో అంత చోటు లేదు కాబట్టి. ఇంగ్లీషులో మాట్లాడుతున్నప్పుడు మన సొంత చెవి పరిస్థితి సరిగ్గా ఆ అన్నయ్యదే. అది చెబుతూనే ఉంటుంది, మనకే వినే తీరిక ఉండదు. వీడియో ఆ తీరికను ఇస్తుంది. బండి దిగి, నీడలో కూర్చుని, బండి నడిపిన మనల్ని మనం చూసుకోవచ్చు.

ఇప్పుడు ఆ అమ్మాయి అసలు ప్రశ్నకు వద్దాం: తప్పని ఎవరూ చెప్పకుండా తప్పెలా తెలుస్తుంది?

తెలుగులో మనకు రెండు మాటలున్నాయి, పొరపాటు అనీ తప్పు అనీ. వాడుకలో కలిపేస్తాం గానీ, తేడా మనకు తెలుసు. తెలిసి కూడా జారిపోయింది పొరపాటు. తెలియక చేసింది తప్పు. భాష నేర్చుకునేవాళ్ల విషయంలో ఈ తేడా చాలా ముఖ్యమని బ్రిటన్‌కు చెందిన పిట్ కార్డర్ 1967లో ఒక వ్యాసంలో వివరించాడు. జారిపోయినవాటిని నేర్చుకునేవాళ్లు తమంతట తాము దిద్దుకోగలరు. తెలియనివాటిని దిద్దుకోలేరు. వాళ్ల దృష్టిలో అదే సరైనది కాబట్టి.

ఒక ఉదాహరణ చూద్దాం. "యెస్టర్‌డే మై బ్రదర్ గో టు హైదరాబాద్" అని ఆ అమ్మాయి వీడియోలో అంది. వీడియోను ఆ వాక్యం దగ్గర ఆపి ఆమెకే చూపించాం. మూడు సెకన్లు కూడా పట్టలేదు. "వెంట్ అనాలి కదా సార్" అంది. ఎవరూ చెప్పలేదు. గో, వెంట్, గాన్ అని ఆరో తరగతి నుంచీ వల్లె వేసిన పిల్లే. ఆ జ్ఞానం తలలో ఉంది, మాట్లాడే వేగానికి అందలేదంతే. ఇది పొరపాటు. అదే వీడియోలో "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" అని కూడా అంది. అక్కడ ఆపితే ఆమెకు ఏమీ తేడాగా అనిపించలేదు. "ఐ హావ్ టూ బ్రదర్స్" అనాలని తెలియదు. ఇది తప్పు. వీడియోను వందసార్లు చూసినా ఇది ఆమెకు కనబడదు.

కాబట్టి జవాబులో సగం ఇది: నీకు తెలియనిది వీడియో నేర్పదమ్మా, తెలిసి కూడా నోటికి రానిదాన్ని చూపిస్తుంది. అదొక్కటే అయితే ఇంత శ్రమ ఎందుకు అంటావేమో. మన తెలుగు పిల్లల విషయంలో కొరత ఎక్కువగా అక్కడే ఉందని నా గట్టి నమ్మకం. పదేళ్లు ఇంగ్లీషు చదివినవాళ్లకు వ్యాకరణం తెలియక కాదు నోరు పెగలనిది. తెలిసింది మాటగా మారే దారి అరగలేదు. ఆ దారి నడిస్తేనే అరుగుతుంది.

ఈ కొరత మన ఒక్కరిదే కాదు. కెనడాలో ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ల పిల్లలకు పాఠాలన్నీ ఫ్రెంచిలో చెప్పే బడులున్నాయి. ఏళ్ల తరబడి ఫ్రెంచి విన్న ఆ పిల్లలు చక్కగా అర్థం చేసుకుంటున్నారు గానీ, మాట్లాడేటప్పుడు తప్పులు దొర్లుతూనే ఉన్నాయని మెరిల్ స్వెయిన్ అనే పరిశోధకురాలు గమనించింది. వినడం ఒక్కటే చాలదని, తడబడుతూనైనా తన మాటల్లో చెప్పే అవసరం రావాలని 1985లో ఆమె వాదించింది. ఎందుకంటే, వినేటప్పుడు సగం మాటలు తెలిసినా భావం అందుతుంది. చెప్పేటప్పుడు అలా కుదరదు, లేని మాట దగ్గర ఆగిపోతాం. ఆ ఆగిన చోటే మనకేం కావాలో మొదటిసారి తెలుస్తుంది. వీడియోలో ఆ ఆగిన చోట్లు గీత గీసినట్టు కనిపిస్తాయి.

సరే, చూస్తే లాభం ఉందని ఒప్పుకున్నాం. మరి ఆ అమ్మాయి వారం రోజుల్లో ఒక్కటీ ఎందుకు చూడలేదు? అడిగితే తల దించుకుని "నా గొంతు నాకే నచ్చలేదు సార్, నా మొహం కూడా ఏదోలా ఉంది" అంది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. చాలామంది ఈ అభ్యాసం మానేసేది ఇక్కడే. పెళ్లి వీడియోలో తన గొంతు విని "ఇది నేనేనా?" అనుకోని మనిషి ఉండడు.

దీనికి కారణం ఎముకల్లో ఉంది. మనం మాట్లాడినప్పుడు మన గొంతు మన చెవికి రెండు దారుల్లో చేరుతుంది. ఒకటి నోటి నుంచి గాలి మీదుగా. రెండోది గొంతు అదురు పుర్రె ఎముకల గుండా నేరుగా లోపలి చెవికి. రెండు చెవులూ గట్టిగా మూసుకుని మాట్లాడి చూడండి, ఆ రెండో దారి తెలుస్తుంది. గొంతు బొంగురుగా, నిండుగా వినిపిస్తుంది. చెవి పనితీరు మీద పరిశోధనకు 1961లో నోబెల్ బహుమతి పొందిన బెకెషీ, మన గొంతు మనకు వినిపించడంలో ఈ రెండు దారుల వాటా దాదాపు సమానమని 1949లోనే చూపించాడు. ఫోన్‌కు ఎముకల దారి లేదు. అది గాలిలో వచ్చినదే పట్టుకుంటుంది. అందుకే రికార్డులో మన గొంతు పీలగా, ఎవరిదోలా ఉంటుంది. నిజానికి మన అమ్మకూ నాన్నకూ స్నేహితులకూ ఇన్నేళ్లుగా వినిపిస్తున్నది ఆ గొంతే. వాళ్లకు అది కొత్తా కాదు, వింతా కాదు.

మొహం సంగతీ అంతే. మనం రోజూ చూసుకునేది అద్దంలో, కుడి ఎడమలు తారుమారైన మొహాన్ని. లోకం చూసేది అసలు మొహాన్ని. 1977లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఒకే మనిషి ఫొటోను రెండు రకాలుగా, ఉన్నదున్నట్టుగా ఒకటి, అద్దంలో కనబడేట్టుగా ఒకటి అచ్చు వేసి చూపించారు. ఆ మనుషులు ఎక్కువగా అద్దంలో కనబడే రూపాన్నే ఇష్టపడ్డారు. వాళ్ల స్నేహితులు అసలు రూపాన్ని ఇష్టపడ్డారు. ఎవరికి ఏది అలవాటో అదే నచ్చింది. కాబట్టి వీడియోలో మొహం ఏదోలా ఉండటం అందచందాల సమస్య కాదు, అలవాటు లేకపోవడం. పది వీడియోలు చూస్తే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. ఆ పది దాటేదాకా ఓపిక పట్టాలి, అంతే.

మరి మొహం అంత ఇబ్బంది పెడుతుంటే గొంతు మాత్రం రికార్డు చేసుకుంటే సరిపోదా? సరిపోయే పనులు చాలా ఉన్నాయి. కానీ కన్ను చేసే పని చెవి చేయలేని చోట్లు కొన్నున్నాయి, ముఖ్యంగా ఉచ్చారణలో.

ఇంగ్లీషులో వీ అక్షరానికీ డబ్ల్యూ అక్షరానికీ వేరు వేరు పలుకులు. మనకు రెండింటికీ ఒకటే "వ". "వెస్ట్" అంటే పడమరో, చొక్కా లోపల తొడుక్కునే బనియనో మన ఉచ్చారణలో తేడా తెలియదు. అసలు చిక్కు ఏమిటంటే, మన నోటికే కాదు, మన చెవికి కూడా ఆ తేడా సరిగా అందదు. పసిపిల్లలు అన్ని భాషల ధ్వనులకూ చెవి తెరుచుకునే పుడతారు. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధనలో, ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని 6 నుంచి 8 నెలల పిల్లలు హిందీలోని ట, త తేడాను గుర్తుపట్టగలిగారు. మనకు ఆ తేడా ఎంత స్పష్టమో చెప్పనక్కర్లేదు. అయితే 10 నుంచి 12 నెలలు వచ్చేసరికి అక్కడి పిల్లల్లో ఆ శక్తి బాగా తగ్గిపోయింది. చుట్టూ ఆ తేడాతో పనిలేదు కాబట్టి చెవి దాన్ని వదిలేసింది. వాళ్లకు ట, త ఎలాగో మనకు వీ, డబ్ల్యూ అలాగ.

చెవి వదిలేసినదాన్ని కన్ను పట్టుకోగలదు. వీ పలకాలంటే పై పళ్లు కింది పెదవిని తాకాలి. డబ్ల్యూ పలకాలంటే పెదవులు సున్నాలా గుండ్రంగా ముందుకు రావాలి. వీడియో ఆపి చూస్తే పళ్లు తాకాయో లేదో కనబడుతుంది, ఇందులో ఊహించాల్సిందేమీ లేదు. మనం పెదవులను చూసి కూడా వింటామని 1976లో మెక్‌గర్క్, మెక్‌డోనల్డ్ అనే ఇద్దరు నిరూపించారు. "బ" అనే శబ్దానికి "గ" అని పలికే నోటి బొమ్మను జతచేసి చూపిస్తే, చాలామందికి "ద" అని వినబడింది. వినడంలో కంటికి అంత పాత్ర ఉన్నప్పుడు, నేర్చుకోవడంలో దాన్ని వాడుకోకపోవడం నష్టమే.

చెవికి అందే తేడాలు కూడా వీడియోలో చాలానే దొరుకుతాయి. తెలుగు అజంత భాష, మాట అచ్చుతో ముగుస్తుంది. బస్, కార్, రోడ్ మన నోట్లో బస్సు, కారు, రోడ్డు అయ్యాయి. తెలుగులో మాట్లాడేటప్పుడు అది అందమే, అవి మన మాటలైపోయాయి. ఇంగ్లీషు వాక్యంలో కూడా ఆ చివరి ఉకారం తోకలా వస్తే వినేవాళ్లకు మాట ఎక్కడ ముగిసిందో అర్థం కాదు. మాట మొదట్లో వచ్చే "ఎ"కు మనం యకారం చేరుస్తాం. ఎగ్ కాస్తా యెగ్ అవుతుంది. ఇక ఊనిక ఉంది. మనం చేస్తున్న పని పేరే తీసుకోండి, రికార్డ్. ఇంగ్లీషులో అది నామవాచకమైతే మొదటి భాగాన్ని ఒత్తి పలకాలి, క్రియ అయితే రెండో భాగాన్ని. తెలుగులో ఒత్తి పలికినంత మాత్రాన మాట అర్థం ఇలా మారదు కాబట్టి మనకు ఆ ధ్యాసే ఉండదు. నిఘంటువు ఆప్‌లో ఆ మాట విని, వెంటనే మన వీడియోలో అదే మాట వింటే తేడా పక్కపక్కన నిలబడుతుంది.

ఆ పక్కపక్కన నిలబడటమే నేర్చుకోవడానికి మొదటి మెట్టని నమ్మిన భాషా శాస్త్రవేత్త ఒకడున్నాడు. రిచర్డ్ ష్మిట్ అమెరికన్. బ్రెజిల్‌లో అయిదు నెలలు ఉండి పోర్చుగీసు నేర్చుకున్నాడు. నేర్చుకుంటూ డైరీ రాశాడు. పోర్చుగీసు మాతృభాషగా గల సిల్వియా ఫ్రోటా అనే సహ పరిశోధకురాలితో తను చేసిన సంభాషణలను కొన్ని వారాలకొకసారి టేపు మీద రికార్డు చేయించాడు. తర్వాత డైరీనీ టేపులనూ పోల్చి చూశారు. క్లాసులో చెప్పినవన్నీ అతని మాటలోకి రాలేదు. ఎదుటివాళ్ల మాటల్లో తను ప్రత్యేకంగా గమనించి డైరీలో రాసుకున్నవి మాత్రం ఎక్కువగా వచ్చాయి. వాళ్లిద్దరూ 1986లో దీన్ని ప్రచురించారు. గమనింపు లేనిదే భాష ఒంటబట్టదని 1990లో ష్మిట్ ఒక సిద్ధాంతంగానే చెప్పాడు. తన మీద తానే చేసుకున్న ఈ పరిశోధన నాకు చాలా ఇష్టం. అంత చదువుకున్న ప్రొఫెసరు కూడా తన టేపు తాను వినాల్సి వచ్చింది.

వీడియో మేలు వీడియో దగ్గరే ఆగదన్న సంగతి కూడా ఇందులోనే ఉంది. "హావింగ్" కాదు "హావ్" అని ఒక్కసారి తెలిశాక, ఆ రోజు నుంచి టీవీలో, క్లాసులో, సినిమాలో ఎవరు "ఐ హావ్" అన్నా మన చెవి నిక్కబొడుచుకుంటుంది. ఆ మాట అంతకుముందూ వెయ్యిసార్లు మన పక్క నుంచే వెళ్లింది. ఇప్పుడు మాత్రం మనకోసం ఆగుతుంది.

ఇక ఎలా చేయాలో చూద్దాం. ఆ అమ్మాయి చేసిన పొరపాటు చూడకపోవడం ఒక్కటే కాదు, రోజుకో కొత్త విషయం మాట్లాడటం కూడా. బీఈడీ చదివిన టీచర్లకు సూక్ష్మ బోధన తెలిసే ఉంటుంది. 1963 ప్రాంతంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ అలెన్, అతని సహచరులు దాన్ని రూపొందించారు. కొత్త టీచరు అయిదారు నిమిషాల చిన్న పాఠం చెప్పాలి, వీడియో టేపులో తన పాఠం తానే చూసుకోవాలి, లోపం తెలుసుకుని ఆ పాఠాన్నే మళ్లీ చెప్పాలి. మన దేశంలో అమల్లోకి వచ్చిన నమూనాలో ఈ చక్రానికి 36 నిమిషాలు పడుతుంది. ఆరు నిమిషాలు బోధన, ఆరు నిమిషాలు లోపాల చర్చ, పన్నెండు నిమిషాలు పాఠాన్ని మళ్లీ సిద్ధం చేసుకోవడం, ఆరు నిమిషాలు మళ్లీ బోధన, చివర ఆరు నిమిషాలు మళ్లీ చర్చ. ఎక్కువ సమయం దేనికిచ్చారో చూడండి, దిద్దుకుని సిద్ధం కావడానికి. ఇంగ్లీషు వీడియోకూ ఈ చక్రమే సరిపోతుంది.

విషయం ఇంట్లోదే తీసుకోండి. అమ్మ రోజు ఎలా గడుస్తుంది, మా వీధి, నిన్నటి కూర. పూర్తిగా రాసుకుని చదవద్దు. చదివితే అది చదవడం అవుతుంది గానీ మాట్లాడటం కాదు. కళ్లు కాగితం మీద పరుగెత్తడం వీడియోలోనే తెలిసిపోతుంది. మూడు నాలుగు మాటలు చీటీ మీద రాసుకుంటే చాలు. ఫోన్‌ను పుస్తకాలకో బిందెకో ఆనించి కంటి ఎత్తున నిలబెట్టి, ఒక నిమిషం మాట్లాడండి. మధ్యలో తడబడితే ఆపి మళ్లీ మొదలుపెట్టకండి. తడబాటే మనకు కావలసిన సరుకు.

మొదటిసారి శబ్దం తీసేసి చూడండి. కళ్లు ఎక్కడున్నాయి, మాట దొరకనప్పుడు పైకి చూస్తున్నామా, పెదవులు తెరుచుకుంటున్నాయా అనేవి తెలుస్తాయి. రెండోసారి ఫోన్ బోర్లా పెట్టి వినండి. మూడోసారి కలం పట్టుకుని, నోట్లోంచి వచ్చింది వచ్చినట్టు రాయండి. "ఆ...", "మీన్స్", "అండ్ అండ్" అన్నవి కూడా వదలకుండా. ఒక నిమిషం మాట రాయడానికి పది నిమిషాలు పట్టవచ్చు. విసుగు పుట్టే పని, ఒప్పుకుంటాను. కానీ ఈ మొత్తం అభ్యాసంలో ఒక్కటే చేయగలిగితే దీన్నే చేయమంటాను. చూస్తున్నప్పుడు మనసు భావం వెంట పోయి తప్పును దాటేస్తుంది. రాస్తున్నప్పుడు ప్రతి మాట దగ్గరా ఆగక తప్పదు.

ఆ అమ్మాయి రాసుకున్న కాగితంలో ఈ వాక్యం ఉంది: "మై మదర్ ఈజ్ గోయింగ్ టు... ఆ... ఫీల్డ్ డైలీ." రాశాక ఆమే దాని వైపు చాలాసేపు చూసింది. "డైలీ అన్నప్పుడు ఈజ్ గోయింగ్ రాదేమో" అంది. ఎందుకలా వచ్చిందో కలిసి ఆలోచించాం. తెలుగులో అమ్మ రోజూ పొలం వెళ్తుంది, ఇప్పుడు పొలం వెళ్తోంది, రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి. మాటల్లో ఒక్కోసారి కలిసిపోతాయి. ఇంగ్లీషులో అలవాటుకు ఒక రూపం, ఇప్పుడు జరుగుతున్నదానికి ఒక రూపం. "మై మదర్ గోస్ టు ద ఫీల్డ్ ఎవ్రీ డే" అని ఆమే దిద్దుకుంది. "ద" మాత్రం నేను చెప్పాల్సి వచ్చింది. తెలుగులో అలాంటి మాటే లేదు కాబట్టి అది ఆమెకు తట్టకపోవడంలో వింత లేదు.

ఒక కాగితంలో పది లోపాలు కనబడితే పదీ దిద్దుకోవాలనుకోకండి. ఒక్క రకం ఎంచుకోండి. ఈ వారం క్రియారూపాలు, వచ్చే వారం మాట చివరి ఉకారం. పది మీద మనసు పెడితే మళ్లీ బండి నేర్చుకునే మొదటి రోజు పరిస్థితే. ఎంచుకున్నదాన్ని దిద్దుకుని, అదే విషయం మీద అదే రోజు మళ్లీ రికార్డు చేయండి. ఈ రెండో వీడియో లేకపోతే మొదటిదానితో పెద్దగా ప్రయోజనం లేదు. ఒకే విషయం మళ్లీ ఎందుకంటే, రెండోసారి ఏం చెప్పాలో వెతుక్కోనక్కర్లేదు, ఆ మిగిలిన మనసంతా ఎలా చెప్పాలన్నదానికి దొరుకుతుంది. ఇదే సూత్రం మీద ఒకే సంగతిని నాలుగు నిమిషాల్లో, తర్వాత మూడులో, తర్వాత రెండులో కొత్త కొత్త శ్రోతలకు చెప్పించే అభ్యాసం ఒకటుంది. న్యూజీలాండ్‌కు చెందిన పాల్ నేషన్ దాని మీద 1989లో రాశాడు. ఫోన్ ముందు ఒంటరిగా చేసేవాళ్లు రెండు నిమిషాలు, ఒకటిన్నర, ఒకటి అని తగ్గించుకోవచ్చు. రోజూ కుదరకపోతే వారానికి మూడు రోజులు చాలు. చూడని ఏడు వీడియోల కంటే చూసి, రాసి, దిద్దిన మూడు ఎంతో నయం.

ఒక విషయంలో మాత్రం కచ్చితంగా ఉండమంటాను. వీడియో చూస్తూ "నా ఇంగ్లీషు తెలుగు యాసలో ఉంది" అని బాధపడకండి. యాస వేరు, అర్థం కావడం వేరు. యాస బలంగా ఉన్న మాట కూడా వినేవాళ్లకు పూర్తిగా అర్థం కాగలదని కెనడాలో మన్రో, డెర్వింగ్ 1995లోనే పరిశోధించి చూపించారు. అమెరికన్‌లా వినిపించాలన్న తాపత్రయంతో మాటలు మింగేసి, అర్థమయ్యే ఇంగ్లీషును కూడా అర్థం కాకుండా చేసుకున్నవాళ్లను చూశాను. ఎదుటివాళ్లు "ఏమిటీ?" అని మళ్లీ అడిగేలా చేసేవాటిని దిద్దుకోండి. మిగిలిన యాస మన ఊరి గుర్తు, దాన్ని ఉండనివ్వండి.

ఇక జవాబులో మిగిలిన సగం. తెలియక చేసే తప్పుల సంగతి ఏమిటి? వాటికి రెండో మనిషి కావాలి, అందులో సందేహం లేదు. ఆ అమ్మాయి అనుమానం అంతవరకూ నూటికి నూరుపాళ్లు సరైనదే. కానీ వీడియో ఉంటే ఆ రెండో మనిషి సాయం అడగడం తేలికవుతుంది. అరవై మంది ఉన్న క్లాసులో ఒక్కొక్కరితో అయిదు నిమిషాలు మాట్లాడాలంటే మేడమ్‌కు అయిదు గంటలు కావాలి. పదిహేను రోజులకొకసారి ఒక్క నిమిషం వీడియో, దాని కింద నువ్వు రాసి దిద్దుకున్న కాగితం పట్టుకెళ్లి "ఇందులో నాకు దొరకనివి చెప్పండి మేడమ్" అంటే ఆమె మిగిలినవే చూస్తారు. ఇంట్లో అక్కయ్యో బాబాయో ఇంగ్లీషు వచ్చినవాళ్లుంటే వాళ్లకూ చూపించవచ్చు. ఇంకో లోటు కూడా చెప్పాలి. ఫోన్ మనకు బదులివ్వదు. ఎదుటి మనిషి మధ్యలో అడ్డుపడి ఒక ప్రశ్న వేస్తే తడుముకోకుండా చెప్పడం మనుషులతోనే వస్తుంది. వీడియో ఆ రోజుకు సిద్ధం చేస్తుంది, ఆ రోజుకు బదులు రాదు.

ఫోన్ నాన్నది, సాయంత్రం గంటసేపే చేతికొస్తుంది అనే పిల్లలు చాలామంది. రికార్డు చేయడానికి నెట్ అక్కర్లేదు, డేటా ఖర్చు కాదు. సెట్టింగుల్లో వీడియో నాణ్యత తగ్గిస్తే ఫోన్‌లో చోటూ ఎక్కువ పట్టదు. ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకటే మాట: ఈ వీడియోలు నేర్చుకోవడానికి, లోకానికి చూపించడానికి కాదు. ఎక్కడా పెట్టకండి, వాట్సాప్ గ్రూపుల్లో వేయకండి, ఇంగ్లీషు నేర్పుతామనే తెలియనివాళ్లకు పంపకండి. టీచరుకు చూపించాలంటే ఫోన్ పట్టుకెళ్లి చూపించండి.

పాతవి చెరిపేస్తూ పోవచ్చు, ఒక్కటి తప్ప. మొట్టమొదటి వీడియోను తారీఖు పేరుతో దాచి, మూడు నెలల తర్వాత అదే విషయం మీద ఇంకొకటి తీసి, రెండూ ఒకదాని తర్వాత ఒకటి చూడండి. రోజూ చూసే మొక్క పెరగడం తెలియనట్టే మన మాట మారడం మనకు తెలియదు. ఆ రెండూ పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. ఆ అమ్మాయి మొదటి వారం వీడియోలు ఇంకా ఫోన్‌లోనే ఉన్నాయట. అందులో మొదటిదాన్ని చెరపవద్దని చెప్పాను. మీరు ఈ రోజు మొదలుపెడితే, మీదీ చెరపకండి.